సదరు గ్రామాన్ని ఖాళీ చేయించిన నీలవేణి గారు

1987వ సంవత్సరం ఫిబ్రవరి 9వ తేదీ సోమవారం ఉదయం పదిన్నర గంటలకు, రాజాం నుంచి తొలి బస్సులో బయలుదేరి వచ్చి, విజయనగరంలోని కార్యాలయంలో టైపిస్టుగా చేరిన శ్రీమతి ముద్దాడ నీలవేణి గారు, ముప్పై ఎనిమిదిన్నర సంవత్సరాల సుదీర్ఘ సేవానంతరం, ఈ ఆగస్టు 31వ తేదీన కోటబొమ్మాళిలోని మన కార్యాలయ పర్యవేక్షకురాలిగా పదవీ విరమణ చేస్తున్నారు. ఇటువంటి సందర్భాల్లో 'మచ్చలేని సేవ' అని రాయడం ఆనవాయితీ. నీలవేణి గారి సేవలో మాత్రం ఒక మచ్చ ఉంది. దానిని చేసినదీ ఆమే, తుడిచినదీ ఆమే. ఈ సంచికలో తన గురించి రాయదలిస్తే ఆ సంగతి తప్పక రాయాలనీ, అది వదిలేసి పొగడ్తలు మాత్రమే రాసేటట్లయితే అసలు రాయనే వద్దనీ ఆమె కచ్చితంగా చెప్పారు. పర్యవేక్షకురాలి మాట చివరి రోజు వరకూ శిరోధార్యమే కనుక ఈ వ్యాసం ఇలా తయారైంది.

వరి, నువ్వు పండించుకునే కుటుంబంలో పుట్టి, ఆ ఇంట హైస్కూలు గడప దాటిన తొలి ఆడపిల్లగా, తెలుగు టైపులో హయ్యర్ పరీక్ష ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణురాలైన నీలవేణి గారికి, కొలువులో తొలి గురువు నాటి పర్యవేక్షకులు జగన్నాధం గారు. ఆయన మహా పొదుపరి. ఒకసారి టైపు చేసిన మాటను దాని కిందనే మళ్ళీ టైపు చేస్తే ఆయనకు ప్రాణం పోయినట్టుండేది. పట్టికలో పై వరుసలో ఉన్న మాటే కింది వరుసలోనూ రావలసివస్తే, అక్కడ 'సదరు' అని కొట్టి ఊరుకోవాలని, అంటే 'పైన చెప్పినదే' అని అర్థం చేసుకోలేనివాడు ఆఫీసుకు పనికిరాడని ఆయన బోధించారు. ఇరవై మూడేళ్ళ వయసులో చెవిన పడిన ఆ మాట నీలవేణి గారి వేళ్ళలోకి దిగిపోయింది. ఆనాటి నుంచి ఆమె పట్టికలు చూడముచ్చటగా ఉండేవి. మొదటి వరుసలో ఊరి పేరు, దాని కింద సదరు, సదరు, సదరు, తీర్చిదిద్దినట్టు ఒకే గీతలో.

1999లో జూనియర్ సహాయకురాలిగా, 2011లో సీనియర్ సహాయకురాలిగా పదోన్నతి పొంది, పాలకొండలోనూ శ్రీకాకుళంలోనూ పనిచేసి, వెళ్ళిన ప్రతిచోటా చిందరవందరగా ఉన్న బీరువాలను సర్ది, ఏ కాగితం అడిగినా రెండు నిమిషాల్లో తీసి ఇచ్చేవారన్న పేరు తెచ్చుకుని, 2014లో ఆమె మన కార్యాలయానికి వచ్చారు. తీరంలోని భావనపాడు, సీతాపేట, దిబ్బలపాలెం అనే మూడు మత్స్యకార గ్రామాల్లో సముద్రానికి వెళ్ళే వారి వివరాలను కాపాడడం మన పని. వచ్చిన ఆరు నెలల్లో ఆ మూడు ఊళ్ళ వివరాలనూ ఆమె స్వయంగా కంప్యూటరులో ఒకే వర్డు ఫైలుగా, ఒకే పెద్ద పట్టికగా కొట్టారు. మొత్తం నాలుగు వందల పన్నెండు వరుసలు, పద్దెనిమిది పేజీలు. ప్రతి పేజీలోనూ మొదటి వరుసలో ఊరి పేరు పూర్తిగా ఉంటుంది. మిగిలిన వరుసల్లో సదరు. అన్నదమ్ముల పేర్లు వరుసగా వచ్చినచోట తండ్రి పేరు గడిలోనూ పెద్దవాడికి పేరు, చిన్నవాడికి సదరు. పదేళ్ళు ఆ ఫైలుతో ఏ ఇబ్బందీ రాలేదు. ఎందుకంటే దాన్ని చదివేది మనుషులు.

2024 ఏప్రిల్ నెలలో పై కార్యాలయం నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ఇక మీదట వర్డు ఫైళ్ళు చెల్లవని, వివరాలన్నీ డేటాబేసులోకి మార్చాలని, మార్చే ముందు ఇంటిపేరును బట్టి అకారాది క్రమంలో అమర్చాలని అందులో ఉంది. అమర్చమన్న పెద్దలకు ఎందుకో తెలుసునో లేదో మనకు తెలియదు. మన కంప్యూటర్ ఆపరేటరు శ్రీమతి భారతి చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి. పట్టికను ఎత్తి, అకారాది క్రమంలో అమర్చి, అదే పేరుతో భద్రపరిచి, పైకి పంపించారు. పాత ఫైలు మీదనే కొత్త ఫైలు కూర్చుంది. పాత కాగితపు ప్రతులా, అవి తుఫాను ఏడాది తడిసి అట్టలు కట్టి ఏనాడో పోయాయి.

పది రోజుల తరువాత మొదటి ఉత్తరం వచ్చింది. 'సదరు గ్రామము ఏ మండలములో ఉన్నదో తక్షణము తెలియజేయవలెను.' నీలవేణి గారు దాన్ని రెండుసార్లు చదివారు. సదరు గ్రామం అంటే పైన చెప్పిన గ్రామం. ఉత్తరంలో పైన ఏ గ్రామమూ చెప్పలేదు. తొందరలో ఒక పేరా వదిలేసి ఉంటారని, పై కార్యాలయాల్లో టైపు చేసేవారికి ఈ మధ్య శ్రద్ధ తగ్గిందని కొంచెం కోపగించుకుని, మర్యాద తగ్గకుండా జవాబు రాశారు. 'సదరు గ్రామము పేరు మీ ఉత్తరములో లేనందున, సదరు గ్రామము పేరు తెలియజేయ ప్రార్థన.'

రెండో ఉత్తరం నాలుగు మాటల్లో వచ్చింది. 'సదరు గ్రామము పేరు సదరు.'

మన కార్యాలయంలో ఆ రోజు పని సాగలేదు. నీలవేణి గారు ఉత్తరాన్ని పట్టుకుని కిటికీ దగ్గరకు వెళ్ళి చదివారు, బల్ల దగ్గరకు వచ్చి చదివారు, కళ్ళజోడు తుడుచుకుని చదివారు. పేరు చెప్పమంటే పైన చెప్పినదే అంటున్నారు. పైన చెప్పినదేదో చెప్పమనే కదా తాను అడిగింది. ఇది వెటకారమా, పొరపాటా, లేక తనకే మతి మందగిస్తున్నదా అన్న సందేహం ఆమెను పట్టుకుంది. విరమణకు ఏడాది ఉండగా మతి గురించి సందేహం రావడం ఎవరికైనా బెంగే. ఆ సాయంత్రం ఆమె గుమాస్తాలందరినీ విడివిడిగా పిలిచి ఉత్తరం చూపించి, మీకేమర్థమైందని అడిగారు. ఒక్కొక్కరికి ఒక్కో విధంగా అర్థమైంది. బుర్ర గోక్కోవడంలో మాత్రం అందరిదీ ఒకే దారి.

మూడో ఉత్తరం ఇంకా ఘనమైనది. సదరు గ్రామంలో మూడు వందల తొంభై నాలుగు మంది మత్స్యకారులు ఉన్నారని, మన తీరంలో అంత పెద్ద గ్రామం ఇన్నాళ్ళూ లెక్కకు రాకపోవడం ఆశ్చర్యకరమని, పర్యవేక్షకురాలు సదరు గ్రామాన్ని స్వయంగా సందర్శించి నివేదిక సమర్పించాలని అందులో ఉంది. నీలవేణి గారు ఆజ్ఞ మీరే మనిషి కారు. జీపు తెప్పించుకుని ఎక్కి కూర్చున్నారు. ఎటు పోనివ్వమంటారని డ్రైవరు అడిగాడు. ఆమె జీపు దిగి, మళ్ళీ లోపలికి వచ్చేశారు.

ఆ గందరగోళం మే 27వ తేదీన విడిపోయింది. విడిపోవడం కాదు, నెత్తిన పడింది. భావనపాడు నుంచి గురమ్మ అనే ఆవిడ వచ్చింది. అరవై దాటిన మనిషి, మూడు ఊళ్ళలోనూ చేపలు కొని, ఎండబెట్టి, గంపలో పెట్టుకుని అమ్ముకుంటుంది. ఆమె చిన్న కొడుకు నాగబాబుకు కొత్త గుర్తింపు కార్డు వచ్చింది. కార్డు మీద వివరాలు ఆధార్ కార్డుతో సరిపోలడం లేదని, ఇటువంటి కార్డుతో పడవ ఎక్కనివ్వరని ఊళ్ళో ఎవరో చెప్పారట. రెండు నెలల వేట నిషేధం జూన్ 14తో ముగుస్తుంది. 15న పడవలన్నీ సముద్రంలోకి వెళ్తాయి. సవరణలకు గడువు జూన్ 5. గురమ్మకు చదువు రాదు. కార్డు మీద ఏముందో చదివి చెప్పమని భారతిని అడిగింది.

భారతి చదివారు. సూరాడ నాగబాబు, తండ్రి సదరు, గ్రామం సదరు.

"మా ఊరు భావనపాడు. సదరు ఏటి?" అంది గురమ్మ. "ఆడికి అయ్య లేడేటి? సముద్రంలో పోనాడు గానీ, లేకుండా పోలేదు కదా."

పక్క గదిలో ఉన్న నీలవేణి గారు ఆ మాట విన్నారు. కుర్చీలోంచి లేచి వచ్చి, కార్డు అడిగి తీసుకుని తానే చదువుకున్నారని భారతి చెబుతారు. మూడు ఉత్తరాల అర్థమూ ఆమెకు ఒక్కసారిగా తెలిసింది. ఆ గ్రామాన్ని కట్టింది తానే. జగన్నాధం గారి మాట విని, ముప్పై ఏడేళ్ళ పాటు ఒక్కొక్క సదరుతో ఒక్కొక్క ఇల్లు లేపి, చివరకు మూడు వందల తొంభై నాలుగు మందిని లేని ఊళ్ళో కాపురం పెట్టించింది.

అయినా ఆమెకు ఒక విషయం కొరుకుడు పడలేదు. సదరు అంటే పై గడిలో ఉన్నదే కదా, పై గడి చూసుకుంటే సరిపోదా అని భారతిని అడిగారు.

"దానికి పై గడి తెలీదు మేడమ్," అన్నారు భారతి. "ఏ వరుసకి ఆ వరుసే. పక్కనెవరున్నారో, పైనెవరున్నారో దానికి అక్కర్లేదు. పైగా నేను వరుసలన్నీ తిరగేసేశాను."

అకారాది క్రమంలోకి మార్చడంతో పేజీలో ఎవరి కింద ఎవరున్నారో ఆ ఆనవాలు కూడా పోయింది. భావనపాడు వారి కింద దిబ్బలపాలెం వారు, దిబ్బలపాలెం వారి కింద సీతాపేట వారు చేరారు. అరవై ఒక్క మంది తండ్రుల పేర్లు సదరులయ్యాయి. నాగబాబు సంగతి మరీ కష్టం. అతని అన్న రాముడి వరుసలో తండ్రి పేరు పూర్తిగా ఉండేది. రాముడు మూడేళ్ళ క్రితం గుజరాత్ వైపు వేటకు వలస పోవడంతో ఆ వరుసను తీసేశారు. దానితో పాటే తండ్రి పేరూ పోయింది. తప్పు నాదే మేడమ్ అని భారతి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. పై వారికి రాసేటప్పుడు నీలవేణి గారు భారతి పేరు ఎక్కడా రానివ్వలేదు. 'సదరు గ్రామమును సృష్టించినది నేను' అని ఒకే వాక్యం రాసి సంతకం చేశారు. జవాబుగా ఆ సాయంత్రమే సంజాయిషీ మెమో వస్తే, దాన్ని బల్ల సొరుగులో పెట్టి, తొమ్మిది రోజుల్లో నాలుగు వందల గుమ్మాలు ఎలా ఎక్కి దిగాలా అని లెక్కలు వేసుకోవడం మొదలుపెట్టారు.

దారి చూపించింది గురమ్మే. ఆ పేర్లు చదవండి, ఎవరిదే ఊరో నేను చెబుతానంది. మొదట ఎవరూ నమ్మలేదు. పరీక్షకని భారతి ఓ పది పేర్లు చదివారు. కొమర, చింతపల్లి, బడే, మైలపల్లి, ఏ ఇంటిపేరు చెప్పినా, వయసు చెప్పగానే ఊరు, వీధి, తండ్రి, అతను ఎవరి పడవ మీద వెళ్తాడో, వాళ్ళింట్లో ఏ చేప తినరో కూడా గురమ్మ చెప్పేసింది. మూడు ఊళ్ళ గుమ్మాల్లోనూ నలభై ఏళ్ళు గంప దింపిన మనిషి. అయిదుగురు రాముళ్ళు వస్తే అయిదుగురినీ విడదీసింది. మే 30, 31 తేదీల్లో మన కార్యాలయపు మధ్య గదిలో భారతి చదువుతూ, గురమ్మ చెబుతూ, నీలవేణి గారు టైపు చేస్తూ కూర్చున్నారు. అధికారి హోదాలో ఉన్నవారు టైపు చేయడమేమిటని ఎవరో అంటే, తాను చేరింది ఆ పనికేనని ఆమె జవాబిచ్చారు. ఈసారి ఏ గడిలోనూ సదరు లేదు. భావనపాడు, భావనపాడు, భావనపాడు అని రెండు వందల సార్లు పూర్తిగా కొట్టారు. మణికట్టు వాచింది. తడి గుడ్డ చుట్టుకుని కొట్టారు.

అకారాది క్రమంలో 'సూ' చివరికి వస్తుంది. కాబట్టి రెండో రోజు మధ్యాహ్నం నాలుగు గంటలకు మిగిలిన ఒక్క వరుస సూరాడ నాగబాబుది. ఊరు భావనపాడు. తండ్రి పేరు అని భారతి అడిగారు.

మూడు ఊళ్ళ మగవాళ్ళ పేర్లూ గుక్క తిప్పుకోకుండా చెప్పిన గురమ్మ అక్కడ ఆగిపోయింది. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సంగతి నీలవేణి గారికి తెలిసింది. వాళ్ళల్లో ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. పెళ్ళయిన నాటి నుంచి ఆ మనిషి పోయిన నాటి వరకూ, పోయిన తరువాత ఈ పన్నెండేళ్ళూ ఆ పేరు ఆమె నోట రాలేదు. పలకకుండా తెలియజేద్దామని ఆమె తన ప్రయత్నం తాను చేసింది.

"లచ్చిందేవి ఉంతాది కదా, ఆవిడిచ్చేది ముందు. కిరీటం ఎట్టుకుంతాడు సూడు, ఆడు ఎనక," అంది.

చదువుకున్న ఇద్దరు ఆడవాళ్ళూ తల పట్టుకున్నారు. సిరి అన్నారు, శ్రీపతి అన్నారు, భాగ్యం అన్నారు. గురమ్మ తల అడ్డంగా ఊపుతూనే ఉంది. చివరికి భారతి విసిగి, ఇదే అయి ఉంటుందని 'లక్ష్మీరాజు' అని రాయించి, తండ్రి పేరు లక్ష్మీరాజు, సరేనా అని చదివారు.

"ఎవలాడు?" అంది గురమ్మ. చెంగు నోటి మీంచి జారిపోయింది.

పోనీ నాగబాబుకు ఫోను చేసి కనుక్కుందామని భారతి ఫోను తీశారు. గురమ్మ చేయి అడ్డం పెట్టింది.

"ఒద్దు. ఇంతమంది పేర్లూ నాను సెప్పినాను. ఆయన పేరు ఇంకొకలు సెప్పడమేటి? ఆయన పేరు కాడ ఇంకొకల పేరెడితే ఊరుకుంతానేటి?" అంది. "ధనరాజు. సూరాడ ధనరాజు. రాసుకోండి."

నీలవేణి గారు రాశారు. అక్షరం అక్షరం చూసి కొట్టారు. తెర మీద ఆ పేరు ఏదని గురమ్మ అడిగితే వేలితో చూపించారు. గురమ్మ దాన్ని తాకలేదు. చూసింది, కళ్ళు తుడుచుకుంది, ఆ తరువాత సిగ్గుపడింది. అరవై ఏళ్ళ మనిషి కొత్త పెళ్ళికూతురిలా తల వంచుకుని నవ్వడం తాను అంతకుముందు చూడలేదని నీలవేణి గారు అన్నారట.

ఆ రోజు జరిగింది ఇంతేనని నీలవేణి గారు మనందరికీ చెప్పారు. ఇంతే కాదు. గదిలో ఉన్నది ముగ్గురే అయినా, ఆ ముగ్గురిలో భారతి గారు ఒకరు కనుక మిగిలినది కూడా మనకు తెలిసింది. దీన్ని రాయడానికి మాత్రం పర్యవేక్షకురాలి అనుమతి లేదు. ఆగస్టు 31 తరువాత ఆమె మెమో ఇవ్వలేరు కనుక రాస్తున్నాం.

వెళ్ళబోతూ గురమ్మ గుమ్మంలో వెనక్కి తిరిగింది. తాను చెప్పేసింది కదా, మరి నీ మొగుడి పేరేమిటమ్మా అని నీలవేణి గారిని అడిగింది. నీలవేణి గారు అలవాటుగా 'మాస్టారు' అన్నారు. ఆయన లెక్కల ఉపాధ్యాయులుగా పనిచేసి విరమించారు. అది ఉద్యోగం కదా, పేరు అడిగాను అంది గురమ్మ. నీలవేణి గారు నవ్వేసి, కాగితం ముక్క మీద పేరు రాసి ఆమె చేతికి ఇచ్చారు. లక్ష కాగితాల మీద 'భర్త పేరు' అన్న గడి నింపిన మనిషి. ఒక్కసారైనా నోటితో పలికిన గుర్తు ఆమెకు లేదు.

గురమ్మ ఆ కాగితాన్ని ఇటూ అటూ తిప్పి వెనక్కి ఇచ్చేసింది.

"నాకు సదువు రాదమ్మా. నోటితో సెప్పు."

నీలవేణి గారు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టారట. ఆ తరువాత, ముప్పై నాలుగేళ్ళ వైవాహిక జీవితంలో మొదటిసారి, తలుపు వైపు ఒకసారి చూసి, శ్రీమతి నీలవేణి గారు "త్రినాథ్" అన్నారు. వినపడలేదంది గురమ్మ. మళ్ళీ అన్నారు.

మూడు ఊళ్ళ కార్డులూ జూన్ 12 నాటికి వచ్చాయి. 15వ తేదీన పడవలన్నీ బయలుదేరాయి, అందులో నాగబాబూ వెళ్ళాడు. ఆ తరువాత ఆమె ఇచ్చిన సంజాయిషీని అంగీకరించి, మందలించి, ఆ విషయాన్ని ముగిస్తున్నట్టు పై కార్యాలయం రాసింది. సదరు గ్రామంలో ప్రస్తుతం ఎవరూ నివసించడం లేదు.

శ్రీ ముద్దాడ త్రినాథరావు మాస్టారు వీడ్కోలు సభలో ముందు వరుసలోనే కూర్చుంటారు. ఈ వ్యాసం చదివే దాకా ఈ సంగతి ఆయనకు తెలియదు. ఆఫీసు వేళలు, ఉత్తరాలు, గడువులు ఇక లేని మా నీలవేణి గారికి, వాచిన మణికట్టు నొప్పి పూర్తిగా తగ్గాలని, చూపు, వినికిడి, నడక ఇప్పటిలాగే నిలవాలని, నిండు నూరేళ్ళూ ఆరోగ్యంతో గడవాలని మన కార్యాలయ సిబ్బంది అందరి పక్షాన కోరుకుంటున్నాం. ఆ నూరేళ్ళలో మిగిలిన ప్రతి ఉదయమూ, వంటింట్లోంచి వీధి గుమ్మం దాకా వినిపించేటట్టు, ఆయనను పేరు పెట్టి పిలిచే ధైర్యం ఆమెకూ, ఉలిక్కిపడకుండా పలికే ఓపిక ఆయనకూ కలగాలి.